తవిటమ్మ (2)

మూఢం రోజుల్లో తీశాం సినిమా.
పెళ్ళిళ్ళు లేవు, కెమెరా ఖాళీ, నేనూ ఖాళీ.
కాశీబుగ్గలో నా స్టూడియో షట్టరు సగం దించి
జీడిపప్పు ఫ్యాక్టరీలో పదకొండు రాత్రులు.
ముప్పై ఎనిమిది నిమిషాలు తేలింది.
పేరు, ‘బాయిలరు కాడ’.

ఇప్పుడు దాన్ని
లోకంలోని సినిమాలన్నీ పేర్లు రాయించుకునే
ఆ ఆన్‌లైన్ చిట్టాలో ఎక్కించాలి.
ఎందుకన్నాడు మా బావమరిది.
రేషన్ కార్డులో పేరెందుకో అందుకే అన్నాను.

మొదటి గడిలోనే ఆగిపోయాను:
విడుదల తేదీ.
విడుదలంటే ఏది?
సున్నం కొట్టిన వెనక గోడ మీద వేసిన రాత్రా?
ఇరవై ఒకటో నిమిషంలో కరెంటు పోతే
మిగతాది మర్నాడు చూపించాం, ఆ మర్నాడా?
రెండు తేదీలకి చోటు లేదు.

నటీనటులు.
పేరు ఇంగ్లీషులో ఎలా రాయాలని
ఫోన్ చేసి అడిగితే తవిటమ్మ నవ్వింది.
"నాకు ముందు ముగ్గురు పోనారు బావూ.
సేటడు తవుడుకి నన్ను అమ్మీసి
మళ్ళీ కొనుక్కుంది మాయమ్మ.
తవుడుకి ఇంగిలీసులో ఎన్నచ్చరాలు?"
ఒక టీ పెట్టాను. చాలదేమోనని రెండు.
మళ్ళీ ఒకటి తీసేశాను.
పుట్టిన తేదీ అడిగితే తుపాను యేడంది.
ఏ తుపానో తనకీ అనుమానమే,
మాకేమన్నా తక్కువా తుపాన్లు.

సిబ్బందిలో
అసిరయ్య పనికి పేరు దొరకలేదు.
షాటు నడిచినంతసేపూ
ఎండుచేప ముక్కలు విసురుతూ
వీధి కుక్కల్ని మొరగనివ్వని మనిషి.
జాబితా కిందికి లాగి లాగి
ధ్వని విభాగంలో వేశాను.
నిజమే కదా,
సినిమాలో వినిపించే నిశ్శబ్దమంతా అతనిదే.

తొమ్మిదో రోజు తిప్పి పంపారు.
జనానికి ఆసక్తి ఉన్నట్టు ఆధారం చాలదట.
నా దగ్గరున్నది ఒక్కటే.
జిల్లా పేజీలో, ఎరువుల ప్రకటన కింద
నాలుగు వరసలు.
అందులో నా ఇంటిపేరు తప్పు,
సినిమాని ‘అవగాహన కార్యక్రమం’ అన్నారు.

తవిటమ్మకి కోపమొచ్చింది.
"రెండొందలమంది కూకుని సూసినారు గదా.
దోమలు పీకీసినా ఒక్కరు నెగనేదు.
అదేటి, ఆదారం కాదేటి?"
పప్పు ఒలుస్తూనే అంది.
జీడి కాల్చిన ఆ వేళ్ళకి గీతలు లేవు.
రేషన్ డిపోలో మిషను కూడా
ఈవిడ ఈవిడ కాదని మూడుసార్లు తిప్పి పంపింది.

మళ్ళీ పంపాను.
పేపరు కటింగు, బరంపురం కాలేజీలో వేసినప్పటి కరపత్రం,
గోడ ముందు కూర్చున్న జనం వీపుల ఫోటో.

ఎప్పుడు ఒప్పుకున్నారో తెలీదు.
ఎవరిదో పెళ్ళి ఆల్బం చేస్తూ చేస్తూ చూస్తే
పేజీ ఉంది.
పోస్టరు చోట బూడిదరంగు గడి.
నా పేరు. అసిరయ్య పేరు.
తవిటమ్మ (2).

టీ టైములో ఫ్యాక్టరీ గేటు దగ్గర చూపించాను.
పేరు వదిలేసి అంకె మీద వేలు పెట్టింది.
"ఇదేటి?"
ఇంకో తవిటమ్మ ముందే ఉందని చెప్పాను.
"ఎవులు?"
నొక్కాను. ఫోటో లేదు, ఊరు లేదు.
ఒకే ఒక్క సినిమా, నేను పుట్టక ముందుది.
వేషం: నీళ్ళు మోసే ఆడమనిషి.
పక్కనే చిన్న అక్షరాల్లో,
టైటిల్స్‌లో పేరు పడలేదు అని.
"పడకపోతే మరిక్కడ ఎవులు రాసినారు?"
తెలీదన్నాను.

బొమ్మ లేని ఆ గడి వైపు
చాయి చల్లారేదాకా చూసింది.
"తవుడుకి కొన్నదే అయ్యుంటాది.
ఆ సినిమా దొరుకుద్దేటి బావూ?
నీల్లు మోసిన కాడ ఆపి సూద్దుం."

హూటరు మోగింది.
గ్లాసు నా చేతిలో పెట్టి
లోపలికెళ్ళిపోయింది.