నలభై ఒకటో నిమిషం

మాదాపూర్ల నాలుగో అంతస్తు. రాత్రి రెండు దాటింది.
నా చెవులల్ల ఒక ముసలామె దగ్గుతున్నది.
ఆమెకది పగటిపూట, ఏ ఏడాదిదో తెలువదు,
కిటికీ తెరిచే ఉన్నట్టుంది,
నడుమ నడుమ ఒక కుక్క, దూరంగ గూడ్సుబండి.

వినుడు నా పని. విన్నది విన్నట్టు టైపు కొట్టుడు.
నిమిషానికి పదకొండు రూపాయలు.
నిమిషమంటే నాది కాదు, ఆమెది.
ఆమె ఆగి నీళ్లు తాగినా నాకు పైసలొస్తయి,
ఒక్క మాట కోసం నేను ఇరవైసార్లు ఎన్కకు తిప్పితే రావు.
అందుకే రూలున్నది: మూడుసార్లు విను,
అందకపోతే [అస్పష్టం] అని కొట్టి ముందటికి పో.

ఆమె పేరు ఆర్థెల్. అమెరికాల కింది దిక్కు ఏదో ఊరు.
మ్యాపుల పెద్దగ చేసి చూస్తే
రెండు చర్చిలు, ఒక పెట్రోల్ బంకు, అంతే.
ఆ ఊళ్లె ఒక లాండ్రీ ఉండెనట.
తెల్లోళ్ల దుప్పట్లు, దవాఖాన గుడ్డలు.
ఉతికేది, ఇస్త్రీ చేసేది అందరు నల్లజాతి ఆడోళ్లే.
ఉతికిన బట్ట ముంగటి దర్వాజల నుంచి పోయేది,
ఉతికినామె ఎన్క దర్వాజల నుంచి.

"మేమడిగింది రెండే" అంటున్నది ఆర్థెల్.
"ఒక ఫ్యాను. ముంగటి దర్వాజ."

నలభై మూడు రోజులు పని బందు పెట్టిండ్రు.
ఊరి దుప్పట్లన్ని కంపు కొట్టినయని చెప్పి నవ్వింది.
[నవ్వు] అని కొట్టిన. దానికి సుత రూలున్నది.

అడిగే పిలగాడు మర్యాదస్తుడే,
గని తిప్పి తిప్పి ఒకటే అడుగుతడు:
పట్నం నుంచి ఆ పెద్దాయన స్పీచ్ ఇయ్యనొచ్చిన్నాడు
మీరు చూసిండ్రా?
చూసిన, అరగంట ఉన్నడు, మంచి కోటు.
సమ్మెల ఉండి గూడ ఆ కోటు నేనే ఇస్త్రీ చేసిన.
"కని రాసుకో బిడ్డా, రోజూ మా అందరికి బువ్వ పెట్టింది మాత్రం..."

గూడ్సుబండి.

పిలగాడు మళ్ల అడగలే.
పెద్దాయన ఏం మాట్లాడిండు? అన్నడు.

నలభై ఒకటో నిమిషం, ఏడో సెకను.
ఒకసారి. రెండుసార్లు. మూడోసారి.
నుస్రత్ నా హెడ్‌ఫోన్ ఒక చెవికి పెట్టుకొని విని
"ఛోడ్‌దే, అస్పష్టం పెట్టు, క్యాబ్ వచ్చింది" అన్నది.

మా సాయవ్వకు పై పండ్లు లేకుండె.
పార్సిగుట్టల ఆమె మాట ఎవ్వరికి సమజయ్యేది కాదు, నాకు తప్ప.
యూనివర్సిటీ హాస్టల్ మెస్సుల ముప్పయ్యేండ్లు బోళ్లు తోమింది.
ధర్నాల పోరగాండ్లను పోలీసులు లోపల్నే ఉంచి గేట్లు మూస్తే
రాత్రి గోడ మీది నుంచి అన్నం డేక్షా అందించేది.
ఆ పోరగాండ్లల్ల కొందరు పేపర్ల పడ్డరు.
ఒకాయన ఎర్రబుగ్గ కార్ల తిరిగిండు.
"నీ పేరెవలన్న రాసుకున్నరానే అవ్వా?"
"నా పేరెందుకే, డేక్షా తిరిగొస్తే సాలు."
ఒకపారి రాలే.
ఆ డేక్షా పైసలు జీతంల కోసిండ్రు.

పండ్లు లేని నోటిని ఎట్ల వినాల్నో నాకెరుకే.
స్పీడు సగం చేసిన.
రైలు జరగదు, చెవే జరగాలె.
పైపంటికి కింది పెదవి తాకాల్సిన జాగల ఉత్త గాలి,
ఆ గాలి ఏ అక్షరమో నాకు తెలుసు.

లూ.
లూవీ.
లూవీనియా టిబ్స్.

ఒక్కో అక్షరం చూసుకుంట కొట్టిన.
కింద క్యాబ్ పోయింది.

మర్నాడు ఫెలిక్స్ మెయిలు:
41:07 కాడ ఉన్న పేరుకు రుజువు లేదు,
ఏ రికార్డులల్ల దొరకలే. అస్పష్టం అని మార్చి పంపు.

మార్చలే.

నెలాఖరుకు ఆ నిమిషం కోసిండ్రు.
పదకొండు రూపాయలు.
డేక్షా కన్న అగ్గువనే.