ఇంటర్‌బెల్లు

ఏ సినిమా చూడల్లని నన్నడుగుతావేంటికి, షాహీన్?
నేను ఒగ్గ సినిమా గూడ నిండుగా చూసినదాన్ని కాదు.
ఆదోనిలో, పత్తి మిల్లుల ఎనక,
రేకుల టాకీసు గేటు పక్కన
ముప్పై ఒగటేండ్లు బుడ్డలు ఏంచినదాన్ని.
పేర్లు పడేటప్పుడు నా కండ్లల్లో పొయ్యి పొగ.
శుభం పడేటప్పుడు నా చేతుల్లో పొట్లాలు.
నాకు దక్కింది నడుమ ముక్క.
జనం కుదురుకున్నాక గేటు తిక్కయ్య పరదా ఎత్తి
"దా దస్తగిరమ్మా, నిలబడు" అంటే
గోడకానుకోని చూసిన అరగంట.

అరగంట చాలదనుకోకు.
బుడ్డలు కొనేటప్పుడు మూటంతా ఒలిచి చూస్తామా?
నాలుగు కాయలు చెవి కాడ ఇదిలిస్తే
లోపల గింజుందో లేదో సప్పుడే చెప్తాది.

పాత నలుపు తెలుపు బొమ్మలు చూడు.
అన్నీ మంచివని కాదు.
సగం వాటిల్లో ఆడది ఏడ్చేదానికే పుట్టినట్టుంటాది,
మామ దగ్గితే ఇల్లంతా లేచి నిలబడతాది.
కానీ వాటిల్లో మనిషి ఇంట్లోకొస్తే
చెప్పులిడిచి, కాళ్ళు కడుక్కోని, కూసున్నాకే మాట్లాడతాడు.
ఆ కాళ్ళు కడిగేంత సేపట్లో
మనకు వాని మీద నమ్మకం పుడతాది.
ఇప్పుడోళ్ళు తలుపు పగలగొట్టుకోని వస్తారు.
మళ్ళా ఆ తలుపు ఎవరు బాగు చేపిస్తారో
ఏ సినిమాలోనూ చెప్పరు.

రంగులొచ్చినాక ఒగటి చూస్తి. పేరు గుర్తులేదు.
ఒకామె కుట్టు మిషను అమ్మేస్తాది.
తోపుడు బండి మీద దాన్ని తీస్కపోతాంటే
ఏడవదు.
మిషనున్న జాగాలో వంగి
దారం ముక్కలు ఏరుతాది, రంగు రంగువి, ఒక్కొక్కటే.
ఆ పొద్దు గంట కొట్టినాక
జిన్నింగు మిల్లు ఆడోళ్ళు, కొప్పుల్లో పత్తి పింజల్తో
నా ముందర నిలబడి,
చిల్లర ఎంచుకోకుండానే పోయిరి.
నేనూ ఎంచకుండానే ఇస్తి.
రాత్రి లెక్క చూస్తే రెండు రూపాయలు తక్కువ.
అంతకంటే మంచి సినిమా నేను చూడలేదు.

ఆ మీదట మన సీమ కతలు తీసే కాలమొచ్చె.
సుమోలు గాల్లోకి లేచె.
మన మాట మాట్లాడినోడల్లా
నరికేటోడు, లేకుంటే నరికించుకునేటోడు.
బుడ్డలు బాగా పోయె, అబద్ధమెందుకు?
ఆ డబ్బుల్తోనే మీ నాయన డిప్లొమా చదివె.
కానీ మన పక్క దినామూ కాలిపోయేది
సుమో కాదు, బోరు మోటరు,
కింద నీళ్ళు లేక.
దాని కోసరం ఏ హీరో రాకపాయె.
బిడ్డకు జరమొస్తే మనం ఎట్ల మాట్లాడతామో,
అప్పు అడగబోయి గుమ్మం కాడ ఎట్ల నసుగుతామో
ఒగడన్నా చూపించకపాయె.

టాకీసు ఇప్పుడు పత్తి బేళ్ళ గోడౌను.
తిక్కయ్య బేళ్ళకు కాపలా.
"ఇవి ఈలలెయ్యవు దస్తగిరమ్మా" అంటాడు.

మొన్న నీ ఫోన్లో పెడితివే ఒగ సినిమా,
ఆ పిల్ల చెడిపోయిన బండిని ఎండలో తోసుకుంటా పోతాదే,
ఎనక డోలు లేదు, పీపీ లేదు,
దాని ఊపిరి సప్పుడొకటే.
మీ అన్న "సాగదీస్తాండారు" అని లేచిపాయె.
నేను మంచముండంగ గోడకానుకోని నిలబడితి.
అది చూడు. రెండుసార్లు చూడు.
సాగదీసేది, కాచుకోనుండేది ఒగటి కాదు.
మంట ఎగేస్తే పొట్టు మాడుతాది,
గింజ పచ్చిగానే ఉంటాది.

ఆ మిషను సినిమా దొరికిందంటివి కదా.
కడాకు ఏమాయెనో చూపిస్తానంటివి.
వద్దులే.
నా లెక్కలో ఆమె ఇంకా దారాలు ఏరుతాంది.
మిషను ఎనక్కొచ్చిందా?
చెప్పొద్దు, చెప్పొద్దు.

సరే, మొదట్నుంచి పెట్టు.
పేర్లు పడేది చూడల్ల నేను.
గంట కాడ ఆపు.
బుడ్డలేంచుకోనొస్తా.