పదో రోజు దాకా

రాజాజీ సాలైలో రెండో అంతస్తు.
ఎల్లో ఫీవర్ సూదికి తొమ్మిది మందిమి బెంచీ మీద:
ఓడ పనికి వెళ్ళే కుర్రాళ్ళు ఎనిమిది మంది, నేను.
"ఎవరికి తోడొచ్చారమ్మా?" అంది నర్సు.
"నాకు నేనే."
"ఏ దేశం?"
"గాబన్."
పెన్ను ఆగింది. స్పెల్లింగ్ చెప్పాను,
ఏళ్ళ తరబడి రోజూ రాసిన స్పెల్లింగే.

హార్బర్‌లో దుంగలు లెక్కపెట్టడం నా ఉద్యోగం.
క్రేను దించుతుంటే కోత మొహం మీది సుత్తి ముద్ర చదివి
సుద్దతో గీటు పెట్టి రిజిస్టర్లో ఎక్కించాలి.
ఒక్కో దుంగా తండయార్‌పేటలో మా వంటగదంత.
వాన పడితే యార్డంతా ఒక వాసన లేచేది.
మిరియం కాదు, సాంబ్రాణి కాదు,
ఎవరో తలంటుకుని, తడి జుట్టుతోనే వచ్చి
పక్కన కూర్చున్నట్టు.

ఒకనాడు బెరడులోంచి ఒక పురుగు బయటికొచ్చింది,
నల్లగా, కొమ్ములతో, నా బొటనవేలంత.
అంత దూరం నుంచి, ఏ కాగితమూ లేకుండా!
టిఫిన్ డబ్బాలో ఇంటికి తెచ్చి అరటిపండు పెట్టాను.
పదకొండు రోజులు బతికింది.
రాత్రుళ్ళు మూత గోకేది.
మా ఆయన నిద్రలోనే "ఎవరో వచ్చారు, చూడు" అనేవాడు.

ఆ ఓడ మేటే చెప్పాడు:
చెట్టు కూల్చాక సుత్తి రెండుసార్లు కొడతారట,
దుంగ మీద ఒకటి,
నేలలో మిగిలిపోయిన మొద్దు మీద ఒకటి.
అదే అంకె.
ఆ మాట విని ఇరవై రెండేళ్ళయింది.

తమ్ముడు వీరరాఘవులు పటం పరిచి కూర్చున్నాడు.
సైనికులు రాత్రికి రాత్రి రేడియో స్టేషన్ పట్టుకుంటారట,
నదిలో పడవలు బోల్తా పడతాయట,
దోమ కుట్టిందంటే ఇంతే సంగతులట.
"తప్పిపోతే నిన్ను వెతికే దిక్కుండదక్కా!"
నేనేమీ అనలేదు.
డిసెంబరు వరదలో జాఫర్‌ఖాన్‌పేటలో
వాడి డాబా మీదే రెండు రాత్రులు ఉన్నాం,
నీళ్ళ ట్యాంకుకి చీరతో పిల్లల్ని కట్టేసి.
కింద వీధిలో ఎవరిదో ఫ్రిజ్, తలుపు తెరుచుకుని,
పెరుగు గిన్నె ఒలక్కుండా, మెల్లగా వెళ్ళిపోయింది.
మూడో పొద్దున తెప్ప వేసుకుని వచ్చింది సెల్వి,
శుక్రవారం చేపలు తెచ్చే సెల్వి,
వాడు ఎప్పుడూ పది రూపాయలకి బేరమాడే సెల్వి.

గోడౌన్ స్ట్రీట్‌లో దోమతెర కొన్నాను.
ఈవినింగ్ బజార్లో నైలాన్ తాడు, పన్నెండు గజాలు.
"ఆవుకా, గేదెకా?" అన్నాడు కొట్టువాడు.
"పడవకి" అన్నాను. గజం ఎక్కువే కొలిచాడు.
బర్మా బజార్లో కొన్న దిక్సూచి
ఇంట్లో ఎటు పెట్టినా ఇనప బీరువా వైపే తిరుగుతోంది.
దానికీ మా తమ్ముడు నేర్పాడేమో.

సూది పడ్డాక పది రోజులకి గానీ చెల్లదట.
ఐదో రోజు రాత్రి ఒళ్ళు కాలింది.
చెయ్యి వాచిన చోట నది ఒకటి కొట్టుకుంటోంది,
నేను దాని మీద చెవి పెట్టి పడుకున్నాను.
తలగడ కింద వాళ్ళిచ్చిన పసుపు పచ్చ పుస్తకం.
ఆయన పోయాక ఇన్నేళ్ళకి
ఒకరు పిలిచి మరీ నా చేతిలో పెట్టిన పసుపు.

మొద్దు దొరకదు. నాకు తెలుసు.
అడవి మొద్దుల్ని దాచిపెట్టదు, తినేస్తుంది.
పురుగులే తింటాయి, కొమ్ములవి.

ఇవాళ తొమ్మిది.
సంచి ఏడు కిలోలు తూగింది, గోంగూర తీసేస్తే ఆరు.
టిఫిన్ డబ్బా ఖాళీగానే పెట్టాను.
మూత లోపల సన్నటి గీతలు ఇంకా ఉన్నాయి,
వేలితో తడిమితే తెలుస్తాయి.
అందులో ఒక సుద్దముక్క వేశాను, సగం అరిగింది.
నడుస్తుంటే టక్కుటక్కుమంటోంది.
ఎవరో వచ్చారు, చూడాలి.