ఏలిముద్ర

పలాసలో అందరికంటే ముందు
జీడిపిక్క కాల్సిన పొగ లెగుస్తాది.
ఆ వాసనకి నాను లెగుస్తాను.
నా సేతులు లెగవు.
పిడికిలి ఇప్పడానికి గంట పడతాది,
గళాసు పట్టుకోడానికి ఇంకో అరగంట.
ముప్పై తొమ్మిదేళ్లు నాకు.
ఆధార్ కార్డు కూడా అదే అంటాది.

సికాకులం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ,
కొత్తగా వొచ్చిన గుంట, జడలో పెన్ను గుచ్చుకుంది,
నా రిపోర్టు రెండుమాట్లు సదివి
"ఢిల్లమ్మా, నీ వయసు వేరు,
నీ రక్తంలో కావలివాళ్ల వయసు వేరు" అన్నాది.
రొమ్మెముక ఎనక సిన్న బడుంటాదట.
మనోడెవుడో పగోడెవుడో
కణాలకి అక్కడ నేర్పుతారట.
వొయసు మీదపడితే ఆ బడి అందరికీ మూతపడతాది,
నాకు బేగి మూసీసినారు.
కొత్తోళ్లు రారు. పాతోళ్లే
తమకి తామే నకలు తీసుకుంటూ,
తీసిన కొద్దీ కొసలు అరిగిపోతూ,
డ్యూటీ మాత్రం దిగరట.
"మరి కోపమెందుకమ్మా నా మీద?"
"అలిసిపోయి" అన్నాది.
కాసేపాగి, "మాకూ పూర్తిగా తెలీదు" అన్నాది.

తవిటయ్య తాత గేపకమొచ్చినాడు.
మా బట్టీ గేటు కాడ ముప్పై ఏళ్లు కావలి.
కళ్లకి పొర కమ్మినా మానీలేదు,
మానితే ఇంకెవులున్నారని.
ఓ రేత్రి కేరేజీ తెచ్చిన మనవడి మీదే
కర్రెత్తీసినాడు.
గుంటడి మోచెయ్యి ఇరిగింది.
తెల్లారి ఆడి మంచం కాడ కూకుని
"కాస్తన్నాననే అనుకున్నానురా" అన్నాడు.
మరేటీ అన్లేదు.
కర్ర మాత్రం ఒగ్గలేదు.

వారానికో మాత్ర రాసింది డాక్టరమ్మ.
బుధవారం మింగుతాను,
లచ్చివారమంతా కడుపులో తిప్పుతాది,
సుక్రారం మళ్లీ బట్టీకి.
దెబ్బ తిన్నగా పడితే గుండు పప్పు,
ఏలు మొండికేస్తే బద్ద.
బద్దకి కూలి తక్కువ.

నిన్న రేషన్ డిపోలో
మిషను మీద బొటనేలు పెట్టినాను.
ఇరవయ్యేళ్లు జీడినూని తిన్న ఏలు,
గీతల్లేవు.
ఎర్ర లైటు.
పైటతో తుడిచి పెట్టినాను. ఎర్ర లైటు.
సూపుడేలు, ఉంగరపేలు, ఎడం సెయ్యి...
ఎనక లైను గొణుగుతోంది.
డీలరు కూర్మారావు నన్ను లంగాల్నాటి నుంచీ ఎరుగును.
"నువ్వేనని నాకు తెల్సప్పా,
దీనికి తెలీదు కదా!"

నవ్వొచ్చీసింది.
వాచిన నా మణికట్టు వంక సూసి
లోపలోళ్లకి ఇనపడేటట్టు అన్నాను:
ఒరే, నానేరా.
ఢిల్లమ్మని.

సంచీ ఈ సేతిలోంచి ఆ సేతిలోకి మార్చి
మళ్లీ పెట్టినాను ఏలు.