గడ్డం కింద తడి

మొదట వాసన.
పొయ్యి మీద ఆరేసిన ఉన్ని మేజోళ్లదనుకున్నాను,
గోడ మూలన బూజుదనుకున్నాను.
చిలోయే దీవిలో తడి వాసన
ఎక్కడినుంచని ఎవరూ అడగరు.
ఎండ కాసిన రోజుల్ని
మా యాస్నా చేతివేళ్ల మీదే లెక్కపెడుతుంది,
కాలివేళ్ల అవసరం పడదు.

సముద్రంలో గుంజలు పాతి కట్టిన ఇల్లు మాది.
పోటు వచ్చిందంటే
నేలచెక్కల కింద నీళ్లు నోరు పుక్కిలిస్తాయి.
ఈ ఇంట్లో
పొడిగా ఉండి తీరాల్సింది ఒక్కటే, మా కుందేలు.
పేరు నూబె. అంటే మబ్బు.
పేరు పెట్టిన రోజు ఎవరికీ వాన గుర్తు రాలేదు.

దాని గడ్డం కింద ఒక మడత,
బాగా తిన్న పెద్దముత్తైదువ మెడలా బరువుగా.
మట్టిగిన్నెలో నీళ్లు తాగినప్పుడల్లా
ముందు ఆ మడత మునుగుతుంది,
నోరు తర్వాత.
ఎత్తి చూశాను.
తెల్లటి బొచ్చు అట్టకట్టి
పడవ అడుగున నాచులా నీలిపచ్చగా ఉంది.
"సిరా తాగిందా అమ్మా?"
బొచ్చు విడదీస్తే
ఎర్రగా, చెమ్మగా చర్మం,
ఊపిరి తగిలినా ముడుచుకుంటోంది.

పక్కింటి దోన్యా ఎర్సిరా
గిన్నెడు పందికొవ్వు తెచ్చింది.
"బూడిద చల్లి ఇది రాయి,
మా అమ్మ గొర్రెలకి ఇదే వైద్యం."
ఎన్ని గొర్రెలు బతికాయో అడగలేదు.
ఆ కొవ్వులో బంగాళాదుంపలు వేయించుకుని తిన్నాం.

డాక్టర్ ఓయార్సూన్ కత్తెర ముట్టలేదు.
"ఇది చర్మం కాదమ్మా, ఉల్లిపొర" అంటూ
గొరిగే మిషను సన్నగా మోగించాడు.
పళ్లు చూశాడు, చొంగ లేదు,
"దీని తప్పేం లేదు, తప్పంతా గిన్నెది" అన్నాడు.
స్నానం వద్దు, పౌడరు వద్దు,
గోరువెచ్చని ఉప్పునీళ్లు పొద్దునా రాత్రీ,
తర్వాత ఆయన ఇచ్చిన మందు.
అద్దాలి. రుద్దకూడదు.
ఆరిందనుకున్నాక మళ్లీ ఒకసారి ఆర్చాలి.

కుందేల్ని పట్టుకున్న నా చేతుల మీద
ఆయన చూపు ఆగింది.
"ఇవెప్పటినుంచి?"

సాల్మన్ ఫ్యాక్టరీలో ముళ్లు పీకే వరస నాది.
రోజుకు తొమ్మిది గంటలు రబ్బరు తొడుగుల్లో
నా వేళ్లు వాటి వాన అవి కురుసుకుంటాయి.
కణుపుల దగ్గర పగుళ్లు,
ఉంగరం ఉండాల్సిన చోట ఎర్రటి వలయం.
"నేను కుందేల్ని కాదు డాక్టర్."
"తెలుస్తూనే ఉంది. కుందేలైతే
ఈపాటికి ఎవరో ఒకరు తీసుకొచ్చేవాళ్లు."

నీళ్ల సీసా కొన్నాం, మూతిలో ఇనుప గోళీ ఉండేది.
రెండు రోజులు నూబె దానికి వీపు తిప్పి కూర్చుంది.
మూడో రాత్రి చీకట్లో
టిక్కు టిక్కుమని గోళీ చప్పుడు.
యాస్నా నన్ను గిల్లింది,
ఇద్దరం ఊపిరి బిగబట్టి విన్నాం,
ఇంట్లో ఎవరో ఉత్తరం టైపు చేస్తున్నట్టు.

తుడవడానికి
నా తొడుగుల లోపలేసుకునే నూలు తొడుగులే వాడాం,
పొయ్యి మీద కరకరలాడేలా ఆర్చి.
వేళ్లు లేని తొడుగులో యాస్నా పిడికిలి దూర్చి
అద్దేది, ఆగేది, అద్దేది.
ఒకసారి ఆ పిడికిలే
నా అరచేతి మీదికి వచ్చింది.
"అమ్మా, నువ్వు రుద్దేసుకుంటున్నావు."

సోమవారం తొడుగుల గది కిటికీ దగ్గర నిలబడ్డాను.
మధ్యాహ్నానికి ఇంకో జత పొడివి కావాలన్నాను.
రుపెర్తో రిజిస్టరు తెరిచి, "కారణం?" అన్నాడు.
ఏం చెప్పాలో తోచక
"మా కుందేలికి గడ్డం కింద పుండు" అన్నాను.
నా ముఖం కేసి చాలాసేపు చూశాడు.
గడిలో ఏదో రాశాడు,
పొడుగ్గానే రాశాడు.
జత ఇచ్చాడు.

గొరిగిన చోట ఇప్పుడు
పీచుమిఠాయిలా నూగు మొలుస్తోంది,
ఎటు దువ్వినా ఎడమకే తిరుగుతోంది.
ఇవాళ పొద్దున అక్కడ ముక్కు ఆనించి చూశాను.
ఎండుగడ్డి వాసన.

గోడ మూలన బూజు మాత్రం
దాని పని అది చేసుకుంటోంది.