టోపీకో కొక్కెం

అయనావరంలో మా ఇంటి ఓనరు
గోడకి మేకంటేనే ఒప్పుకోడు.
బతిమాలగా బతిమాలగా
ఒక చెక్కకి, రెండు మేకులకి తలూపాడు.

బర్మా బజారులో పిన్ని బేరమాడి కొన్న ఫోర్కులు, ఆరు.
ఆఫీసరుగారు భోజనానికొస్తారని
బాబాయి చెప్పిన వారం కొన్నది.
ఆయన రాలేదు.
బాబాయి రిటైరయ్యాడు, పోయాడు.
ముఖమల్ పెట్టెలో అవి మాత్రం
ఎవరి నోరూ ఎరగకుండా పడుకున్నాయి.
మేమా, పప్పన్నం చేత్తో పిసుక్కునేవాళ్లం.

కింది వాటా ఏకాంబరంగారు
కోచ్ ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లు ఫిట్టరు.
వైస్‌లో బిగించి
"పొరుమై, పొరుమై" అంటూ
ఫోర్కుకే ఓర్పు నేర్పాడు.
మొదటిది ఫట్‌మని విరిగింది.
రెండోదానికి మెడ వంకర.
మూడోదాన్నుంచి చెయ్యి కుదిరింది,
రమ్మని పిలిచే వేళ్లలా
పళ్లు పైకి తిరిగాయి.

ఇప్పుడు
వానకి తడిసొచ్చిన గొడుగు ఒకదానికి,
స్కూటీ తాళం, నా ఆఫీసు ట్యాగు,
మెడ వంకరదానికి పిన్ని కూరల సంచి.
బరువుకి అది ఇంకాస్త వంగింది,
పడెయ్యనివ్వదు.

అయిదోది ఖాళీ.
నా చున్నీ తగిలించబోతే
చెయ్యి మీద చిన్న దెబ్బ:
"ఆయనొస్తే టోపీ ఎక్కడ పెట్టుకుంటాడే?"
అని, తనే
పగలబడి నవ్వింది.

చున్నీ కుర్చీ మీదే వేశాను.