గిర

మా తాతకు అక్షరం రాదు.
మక్తల్ల సగం మంది ఒళ్ళు
ఆయన దూలానికి ఏలాడుతుండె.
మనిషికొక దారం, దారానికి ముడులు:
మెడకాడొకటి, భుజంకాడొకటి,
బొడ్డు దాటినంక ఇంకొకటి.
పటేలుది ఎర్ర దారం.
ఏటేటా నడుమ ముడి ఇంత కిందికి జరుగుతుండె.
కూలోళ్ళ దారాలు లేకుండె.
గోచికి కొలతెందుకు,
గొంగడికి కుట్టెందుకు.

ఫసలీ పదమూడొందల ఇరవై తొమ్మిదంటడు మా నాయిన,
ఇరవై ఎనిమిదేమో అని మళ్ళ తనే అంటడు,
పెద్ద జెరాలు తగ్గిన యాడాది.
నారాయణపేట రోడ్డు టేషన్ల దిగి
ఎడ్లబండిల, వరిగడ్డి మీద పండుకొని
ఒచ్చింది మిషిను.
చూడనీకొచ్చినోళ్ళు చెప్పులు బైటనే ఇడిసిండ్రంట.
మా అవ్వ దానికి బొట్టు పెట్టింది.
తాత మాత్రం మూడు దినాలు ముట్టలే.
సూది చేత్ల పట్టుకొని దాని దిక్కే చూస్తుండెనంట,
పాత పెండ్లాం
కొత్త సవితిని చూసినట్టు.

అంతకుముందు అంగీలకు బొందెలు.
ఎడమకు ముడేస్తే మనోళ్ళు, కుడికేస్తే సాయబులు,
దండం పెట్టాల్నో సలాం కొట్టాల్నో
దూరంకెల్లే ఎరుకైతుండె.
గుండీ ఒచ్చి
నడిమిట్ల నిలవడ్డది.
అందరి రొమ్ముల మీద ఒకటే తొవ్వ.

ఉశేనమ్మ రవికకు ముడి ముందట.
కోడలు గుండీల జాకిటి కుట్టిపిచ్చుకుంటే
తనకూ ఒకటన్నది. తొడిగి చూసుకొని
“మోచెయ్యి దాకా మూసేస్తివి కదప్పా,
నా పచ్చబొట్లేం గావాలె?
ఈ తేలు మా అమ్మ పొడిపిచ్చింది.
ఈ జొన్న గింజలు
నేను ఏడ్సుకుంట పొడిపిచ్చుకున్నయి.
కాటికి ఎంట ఒచ్చేటియి ఇవే.”
తాత మాట్లాడలే.
కత్తెర తీసి రెండు గిరలు కోసిండు.
తేలు బైటికొచ్చింది.

గజానికి పదారు గిరలు.
గిర అంటె ముడే అని
షేర్వాణీకి కొలతిచ్చేటప్పుడు
గిర్దావరు సాబు చెప్పిండంట.
తాత ఆ రాత్రి అవ్వను లేపి మరీ చెప్పిండు:
“నా దారాలు కూడ సర్కారు లెక్కనేనే!”
“పండుకో” అన్నది అవ్వ.

మల్దకలు బొంబాయికెల్లి ఒచ్చిండు,
మట్టిపని ఇడిసి,
రెండున్నర గజాల ఖాకి సంకల పెట్టుకొని.
“రెండు దిక్కుల జేబులు పెట్టు మామా.”
“ఏమేస్తవురా జేబుల?”
“చేతులు.”
తాత సుద్దముక్క ఆగింది.
“గడి ముందట చేతులు కట్టుకొని కట్టుకొని
యాడ పెట్టుకోవాల్నో మర్సిపోయినయి ఇవి.
బొంబాయిల ఒగడు ఊకెనే జేబుల చేతులేసుకొని
సముద్రం దిక్కు చూస్తుండె మామా,
ఏం పని లేకుండ.”

తాత జేబులు పెట్టిండు.
పెట్టి, వాటి మూతులు
కచ్చ కుట్టుతోని కుట్టేసిండు.
“ఊరు దాటినంక దారం గుంజు” అన్నడు.
హాలీ అణాలు రెండు తీసుకొని
ఒకటి మర్లిచ్చిండు.
ఆ పొద్దే దూలానికి ఒక తెల్లదారం ఎక్కింది,
ఎర్రదారం పక్కపొంటి.

మొన్న కప్పు ఇప్పుతుంటె కట్ట దొరికింది.
సగం ఎలుకలు కొట్టినయి.
ఏది ఎవ్వరిదో చెప్పేటోళ్ళు లేరు.
ఒకటి నా భుజానికి పెట్టి చూసుకున్న,
నాలుగేళ్ళు తక్కువొచ్చింది.

మల్దకలు దారం గుంజిండని నాయిన అంటుండె,
కృష్ణ ఒడ్డున, రెండు చేతులేసుకొని నిలవడంగ
చూసినోళ్ళున్నరని.
అవ్వ ఒప్పుకోకుండె.
“ఆనికి నీళ్ళు పోసిన్నాడు నేనున్న.
ఆ అంగి దండెం మీదనే ఉండె.
కుట్టు కుట్టుగనే ఉన్నది.
జేబు మూతులే నల్లగైనయి
చేతులు రాసి రాసి.”